సుగుణక్క వద్దన్న సంచులు

జగిత్యాలలో నేను పనిచేసే పిండి గోదాముకు నిన్న కొత్త జంబో బ్యాగులు వచ్చాయి. నిలబెడితే నా భుజాల దాకా వచ్చే తెల్లని సంచులు, నాలుగు మూలలా ఎత్తడానికి పట్టీలతో. కట్ట విప్పి, ఒకదాని నోరు తెరిచి తల లోపల పెట్టాను. రోడ్డు మీది ఆటోల చప్పుడు ఒక్కసారిగా దూరమైపోయింది. లోపలంతా పాలరంగు వెలుతురు. గట్టిగా ఊపిరి పీల్చాను. ఏ వాసనా లేదు. ఇన్నేళ్లయినా, అలా ఏ వాసనా తగలని క్షణంలోనే నాకు సుగుణక్క గుర్తొస్తుంది.

కోరుట్ల చివర ఆమెకు పసుపు పొడి మిల్లు ఉండేది. డిగ్రీ అయ్యాక నా మొదటి ఉద్యోగం అక్కడే. సంచులు, కవర్లు కొనడం, సరుకు నిల్వ చూసుకోవడం నా పని. అప్పటికే ఆమెకు యాభై దాటాయి. పుట్టిల్లు సిరిసిల్ల. పొట్టి మనిషి, గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. మొదటి రోజే నన్ను ఒక సంచి ముందు నిలబెట్టి తల లోపల పెట్టమన్నది.

"ఏం వాసనొస్తుంది?"

"ఏం వస్తలేదక్కా."

"గదే గావాలె. పసుపు పక్కన ఏదుంటే దాని వాసన గుంజుకుంటది. మన పొడి ఎవరింట్ల కూరల పడుతదో మనకెరుకలేదు. గా ఇంటోళ్లు మన సంచి జూడరు బిడ్డా. మనమే జూడాలె."

తర్వాత నా చెయ్యి పట్టుకుని లోపలి కుట్ల వెంట నడిపించింది. వదులైన దారప్పోగు పొడిలో కలుస్తుందని, సన్నని పొడి కుట్టు సందుల్లోంచి కారుతుందని, అందుకే లోపల తిండి వస్తువులకు పనికొచ్చే కవరు ఉన్న సంచే కొనాలని చెప్పింది. ఆ కవరులోకి గాలి నింపి, మూతి బిగించి, చెంప దగ్గర పెట్టుకుని చిల్లులు వెతికేది. ఒకసారి వాడిన సంచిని మాత్రం గుమ్మం లోపలికి రానిచ్చేది కాదు.

ఆమెకు ఒక్కడే తమ్ముడు, శ్రీను. తల్లి చనిపోతే సుగుణక్కే పెంచింది. దుబాయి నుంచి తిరిగొచ్చి సిరిసిల్లలో సంచుల వ్యాపారం మొదలుపెట్టాడు. ఆ ఏడాది మాకు రావలసిన సంచులు ఆలస్యమయ్యాయి. హైదరాబాదు నుంచి పెద్ద ఆర్డరు ఉంది, పొడి సిద్ధంగా ఉంది, నింపడానికి సంచులు లేవు. విషయం తెలిసి శ్రీను ఒక వ్యాను నిండా సంచులు వేసుకుని వచ్చేశాడు. అక్కను ఆదుకుంటున్నానన్న సంతోషం అతని ముఖంలో కనబడుతూనే ఉంది.

సుగుణక్క ఒక సంచి తీసి చూసింది. శుభ్రంగానే ఉంది. పాత కంపెనీ పేరు అచ్చేసిన చోట మాత్రం గుడ్డ గీకినట్టు ఉంది.

"శ్రీనూ, ఇంతకుముందు ఇండ్ల ఏం పోసిండ్రు?"

"ఏదో పౌడరు ఫ్యాక్టరీల తీసుకున్న అక్కా. మంచిగ కడిగిచ్చిన, ఎండబెట్టిచ్చిన. జూడు, కొత్తయి లెక్కనే ఉన్నయి."

"ఏం పౌడరు?"

"అడగలే."

ఆమె సంచిని మడిచి అతని చేతిలో పెట్టింది. "నాకొద్దురా."

అతను నవ్వాడు. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. "బయటోళ్ల దగ్గర కొంటవు, సొంత తమ్ముని దగ్గర కొనవా?"

"బయటోళ్లు తెచ్చినా గిదే మాటందును. తిండి వస్తువురా. అండ్ల ఏముండెనో నీకే తెల్వకపాయె, నేనెట్ల పోయాలె? ఎండల పడి వచ్చినవు, అన్నం తిని పో."

అతను తినలేదు. వ్యాను తిప్పుకుని వెళ్లిపోయాడు. సుగుణక్క నా వైపు తిరిగి, సరుకు ఆలస్యమవుతుందని ఆర్డరు ఇచ్చినవాళ్లకు ఫోన్ చేయమన్నది. వాళ్లు ఆగలేదు, ఇంకో మిల్లుకు వెళ్లిపోయారు. ఆ వారమంతా మిల్లులో పనివాళ్లు యంత్రాలు తుడుస్తూ గడిపారు.

అంతకంటే పెద్ద దెబ్బ తర్వాత తగిలింది. శ్రీను మాట్లాడటం మానేశాడు. కొడుకు పుట్టువెంట్రుకలు కొండగట్టులో తీయించి, మేనత్తను పిలవలేదు. ఆ సంగతి ఎవరో మిల్లుకొచ్చి చెప్పిపోయారు. ఆమె చేతిలోని సంచి కుట్లు తడుముతూనే వింది. వాళ్లు వెళ్లాక నేను ఉండబట్టలేక అన్నాను: "అప్పుడా సంచులు తీసుకుని ఓ మూలకు పడేస్తే అయిపోయేది కదక్కా."

"నేను దీసుకుంటే, వాడు మంచిపనే జేసిన్ననుకుంటడు. ఇంకో మిల్లుకు ఏసుకపోతడు. గప్పుడు ఆపేటోళ్లెవరు?" అని మళ్లీ పనిలో పడింది. చాలాసేపు అదే సంచిని చూస్తూ ఉండిపోయింది.

వర్షాలు తగ్గాక ఒక మధ్యాహ్నం శ్రీను వచ్చాడు. ఈసారి విప్పని కట్టలు, తయారుచేసినవాళ్ల కాగితాలతో సహా. పలకరింపుల్లేవు. సుగుణక్క కళ్లజోడు పెట్టుకుని, కొత్త వ్యాపారి సరుకును చూసినంత నిదానంగా చూసింది. ఒక సంచికి పట్టీ దగ్గర కుట్టు ఊడి ఉంది. పక్కన పెట్టింది. శ్రీను ముఖం ఎర్రబడింది. అయినా తర్వాతి సంచి తనే తీసి, నోరు తెరిచి, చెయ్యి లోపల పెట్టి కుట్ల వెంట తడమడం మొదలుపెట్టాడు. అక్కాతమ్ముళ్లిద్దరూ చెరో సంచీ పట్టుకుని కట్టలోవన్నీ ఒక్కొక్కటే తడిమి చూశారు.

కట్ట అయ్యాక ఆమె అన్నది: "దింపియ్యిరా."

"ఆకలైతుందక్కా," అన్నాడు శ్రీను.

పోయిన సంవత్సరం సుగుణక్క చనిపోయింది. అంతకు ముందు జగిత్యాల ఆసుపత్రిలో ఉన్నప్పుడు డ్యూటీ కాగానే వెళ్లి కూర్చునేదాన్ని. ఒక సాయంత్రం, ఎన్నాళ్లుగానో లోపల ఉన్న ప్రశ్న అడిగాను. శ్రీను మాట్లాడని ఆ నెలల్లో, ఆ సంచులు తీసుకోవాల్సిందని ఆమెకెప్పుడైనా అనిపించిందా?

"రోజు అనిపించింది," అన్నది. నా ముఖం చూసి చిన్నగా నవ్వింది. "ఎందుకనిపియ్యది? చేతులతోటి పెంచిన పోరడు. అనిపిస్తే అనిపియ్యనీ. గట్ల అనిపించుడు వేరు, దీసుకునుడు వేరు."

అప్పటిదాకా ఆమెకు కష్టం తెలియదని, పుట్టుకతోనే గట్టి మనిషని అనుకునేదాన్ని. ఇప్పుడు ఏదైనా లోడు వెనక్కి పంపాల్సి వస్తే, తెచ్చిన మనిషి ముఖం చిన్నబోతే, నాకూ బాధగా ఉంటుంది, తీసుకుంటే పోయేది కదా అనిపిస్తుంది. ఒకప్పుడైతే, అంత బాధగా ఉందంటే నాదే తప్పేమో అనుకునేదాన్ని. ఇప్పుడు ఆ బాధను ఉండనిస్తాను. లోడు వెనక్కి పంపుతాను.