మెకడమియా కాయ పగిలిన వైనం

అచ్యుతరావు ఉప్పల్‌లోని ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో రాళ్ల మీద పరిశోధన చేసేవాడు. పుట్టి పెరిగింది బెజవాడ ఎండల్లో. అందుకే ఎనభైమూడులో ఆఫీసు పని మీద కూనూరు వెళ్లినప్పుడు, మెకడమియా గింజల చెట్టు మరీ ఎండా మరీ చలీ లేని చోటే బతుకుతుందని నర్సరీ యజమాని హెచ్చరిస్తే, "మా నాచారం చల్లటి ఊరేనండీ" అని ధీమాగా చెప్పి రెండు మొక్కలు రైల్లో తెచ్చుకున్నాడు.

చల్లటి ఊళ్లో మొదటి మొక్క మే నెలకే మాడిపోయింది. రెండోదానికి నీడ కావాలని భార్య ఛాయాదేవి వేసుకున్న చిక్కుడు పందిరిని దాని మీదికి జరిపించాడు. స్నానాల గది నీళ్లన్నీ దానికే మళ్లించాడు. ఆయన పొద్దున్నే మొక్క ఆకులు తుడిచేవాడు, ఆవిడ చిక్కుళ్లు కోసుకునేది. ఏళ్ల తరబడి ఆ పెరటి ఫలసాయం చిక్కుడుకాయ కూరే.

తొంభైరెండులో చెట్టు కాసింది. చిలకలు వాలి, కొరికి చూసి, ఎగిరిపోయాయి. ఈ కాయంటే చిలకలకు కూడా భయమేనని అచ్యుతరావు మురిసిపోయాడు. తీరా తను పొత్రంతో కొడితే కాయ ఎగిరి కిటికీ అద్దానికి తగిలింది. అద్దం పగిలింది, కాయ పగల్లేదు. తలుపు సందులో పెట్టి నొక్కితే తలుపు వంకరపోయింది.

"రోజంతా రాళ్లు పగలగొట్టే మనిషి కదా!" అంది ఛాయాదేవి.

పొలం అమ్మి లేత్ షాపు పెట్టుకున్న పక్కింటి ఆగయ్య ఒక కాయను చేతిలో తిప్పి చూశాడు.

"ఇది కాయనా, కంకరనా సారూ? నా షాపుకు తీస్కరాండ్రి."

షాపులో ఇనుప ముక్కలు బిగించే వైసులో పెట్టి మెల్లగా తిప్పితే, టక్కుమని పెంకు విచ్చి తెల్లటి పప్పు బయటపడింది. అచ్యుతరావు దాన్ని ప్రసాదంలా సగం చేసి ఇచ్చాడు. ఆగయ్య శ్రద్ధగా నమిలాడు.

"మంచిగనే ఉంది. కొబ్బరి లెక్కనే ఉంది."

అచ్యుతరావుకూ అలాగే అనిపించింది. ఆ మాట మాత్రం బయటికి అనలేదు.

వారం తిరక్కుండానే ఆయన సొంతంగా వైసు కొని పెరట్లో బిగించుకున్నాడు. అప్పటి నుంచి కాలనీ జనం రావడం మొదలైంది. ఒకరు బిగుసుకుపోయిన కుళాయితో, ఇంకొకరు వంగిన సైకిల్ పెడల్‌తో. పని కానిచ్చి, ప్రతి ఒక్కరి చేతిలో ఆయన ఒక మెకడమియా పప్పు పెట్టేవాడు.

"ఎలా ఉంది?" అని అడిగేవాడు.

"వైసు మస్తు పనిజేస్తుంది సార్," అనేవాళ్లు.