కేంద్రకం దాటని కబురు

మా నాయన పుంగనూరు సంతలో పశువుల దళారి. అక్కడ బేరం నోటితో సాగదు. తువ్వాలు కింద చేతులు పట్టుకుని, వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. నాయనది ఉడుంపట్టని పేరు. ఇక పెంచేది లేదని అవతలివాడు తేల్చేసినా ఈయన చెయ్యి వదలడు. మొండి మనిషిరా బాబూ అని వాడే ఇంకాస్త పెంచేవాడు. అదంతా ఆయన తెలివే అనుకుని మేం మురిసిపోయాం.

నేను కుప్పం కాలేజీలో జీవశాస్త్రం చెబుతాను. పోయిన ఎండాకాలం సెలవుల్లో సంతకు వెళ్లి నాయన పక్కన నిలబడ్డాను. బేరం కుదిరింది, తువ్వాలు తీసేశారు. నాయన చెయ్యి మాత్రం రాలేదు. ఎడమచేత్తో ఒక్కో వేలూ విప్పుకుంటున్నాడు.

"యాల నాయనా అట్లయితాండాది?"

"సలికి పట్టుకుంటాదిలేమ్మా. శానా ఏండ్లుగా ఉండేదే."

ఎండ మాడిపోతుంటే చలి ఎక్కడిది? ఆ పట్టు ఏ జబ్బుదో నాకు తట్టింది.

ఎందుకంటే ఆ పాఠం నేను ఏటా చెప్పేదే. కణం నడుమ కేంద్రకం ఉంటుంది. అందులో జన్యువుకు ఆర్‌ఎన్‌ఏ అనే నకలు తయారై, కత్తిరింపులయ్యాక, సన్నటి రంధ్రాల గుండా బయటికి వస్తుంది. ఒక జబ్బులో ఆ నకలులో మూడక్షరాలే వందల సార్లు వచ్చి, అది బయటపడలేక లోపలే ముద్దలు కడుతుంది. ఊరికే పడి ఉంటుందా, పాపిష్టిది! మిగతా ఆర్‌ఎన్‌ఏలను సరిచేయాల్సిన ప్రొటీన్లను తనకే అతికించుకుంటుంది. దాంతో కండరానికి పట్టు వదలడం చేతకాదు. గుండెకూ ముప్పే. ఇన్నేళ్లూ ఆ ముద్దలను బోర్డు మీద చుక్కలు పెట్టి చూపించాను గానీ, కన్నతండ్రి చెయ్యి చూడలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంటి దగ్గర ఆవులు చూసుకునే తమ్ముడే నాయనను మదనపల్లె ఆస్పత్రికి తీసుకొచ్చాడు. రక్తం పరీక్షకు పంపారు. అదే జబ్బు.

"బిడ్డల్లో ఒక్కొక్కరికీ సగానికి సగం అవకాశం. తరం మారితే ముదరొచ్చు" అంది డాక్టరమ్మ. నాకప్పుడు మూడో నెల.

నేనూ రక్తం ఇచ్చాను. రిపోర్టు వచ్చేదాకా పిడికిలి బిగించడం, విప్పడం, అదే పని. బస్సులో కడ్డీ పట్టుకుంటే భయం, చాక్‌పీసు పట్టుకుంటే భయం. వేళ్లు కాస్త ఆలస్యంగా వచ్చాయా, నా భ్రమా? "ముందు తిను, చెయ్యి తర్వాత చూసుకుందువు" అని మా ఆయన కసురుకునేవాడు.

ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఉండగా రిపోర్టు ఫోన్‌కి వచ్చింది. లేదు. నాకు లేదు. నాకు లేకపోతే నా కడుపులో బిడ్డకూ నాయన నుంచి రాదు. ఏడుస్తూనే ఇంటికి ఫోన్ చేశాను. తమ్ముడెత్తాడు.

"నాకు లేదురా!" అని అరిచాను.

"బతికించినావక్కా" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"నీది తేలేదాకా సెప్పగూడదనుకుంటి. పాలు పిండినాక నాకు వేళ్లు విచ్చుకోల్యా. నెల దినాలుగా ఇట్లనే ఉండాది. నాయనకు సెప్పొద్దు."