మార్కులు అడగనివ్వని మాస్టారు

మాస్టారు పోయారన్న కబురు నాకు మిల్లులో ఉండగా తెలిసింది. మైపాడు నుంచి నేరుగా వచ్చిన దర్జీ అన్న, "మన సార్ తెల్లారి పోయినారబ్బా" అని అక్కడే బస్తా మీద కూలబడ్డాడు.

నెల్లూరులో సాయంకాలం కాలేజీలో మాకు చరిత్ర చెప్పింది ఆయనే. అప్పటికే నేను మిల్లు గుమాస్తాను, పెళ్ళయినవాణ్ణి. నాతోపాటు చదివిన దర్జీ అన్నకు ట్రంకు రోడ్డు పక్కన కుట్టు అంగడి. మొదటిరోజు ఎందుకు చేరారని మాస్టారు అడిగితే, దాదాపు అందరం ప్రమోషన్ కోసమన్నాం.

"మంచిదే. అది వచ్చినాక చదువును ఏం చేస్తారు?" అన్నారు.

పేపరు దిద్ది ఇస్తే మేము ముందు మార్కులు చూసుకునేవాళ్ళం. ఆయనకది నచ్చేది కాదు. "నేనెంత వేశానో తర్వాత చూడండి. ఇందులో మీకు నచ్చిన వాక్యం ఏదో ముందు చెప్పండి" అనేవారు. మొదట్లో విసుగనిపించేది. పోనుపోను, చెప్పుకోదగ్గ వాక్యం ఒక్కటైనా రాయాలని ఇంటిదగ్గర కూర్చుని కొట్టివేతలు మొదలుపెట్టాను.

ఆ ఏడు పరీక్షలో అన్న తప్పాడు. క్లాసుకు రావడం మానేశాడు. ఒక ఆదివారం నేను చొక్కాకు కొలతలిస్తుంటే మాస్టారు అంగడికి వచ్చారు.

"ఈ వయసులో నాకెందుకు సార్? ఇంట్లో బిడ్డలు గూడా నవ్వతా ఉండారు" అన్నాడు అన్న, తలెత్తకుండా.

మాస్టారు రమ్మని బతిమాలలేదు. "మన రేవుల నుంచి ఓడల్లో పోయిన రంగుల గుడ్డలు ఎందుకు ఆగిపోయినాయని అడిగావే, దానికి నా దగ్గర సరైన జవాబు లేదయ్యా. నీకింకా తెలుసుకోవాలని ఉందా?"

అన్న టేపు మెడలో వేసుకున్నాడు. "ఉండాది సార్. మా తాతలు అద్దకం పనోళ్ళు."

"అయితే ఇద్దరం వెతుకుదాం. పరీక్ష సంగతి తర్వాత."

ఇద్దరూ లైబ్రరీలో కూర్చున్నారు. అద్దకం మానేసిన ముసలివాళ్ళను వెతుక్కుంటూ ఊళ్ళు తిరిగారు. చివరికొక సాయంత్రం మాస్టారు అన్నను పాఠం చెప్పమని మా ముందు నిలబెట్టి, తాను వెనక బెంచీలో కూర్చున్నారు. మొదట కాగితం చూసి చదివాడు. తర్వాత తాతల కథ చెబుతూ చెబుతూ మమ్మల్ని మరచిపోయాడు. గంట కొట్టినా ఎవరం లేవలేదు. మర్నాడు, సిలబస్‌లో లేని పుస్తకం కోసం నేను లైబ్రరీ మెట్లెక్కాను. నా జీవితంలో అదే మొదటిసారి.

తర్వాత అన్న పాసయ్యాడు. "ఇంక అంగడి మూసేస్తావా?" అని అడిగితే, "ఎందుకు మూసేది? కుట్టుకుంటా చదువుకోకూడదా?" అన్నాడు.

రిటైరయ్యాక మాస్టారు మైపాడులో స్థిరపడ్డారు. ఆయన్ను చివరిసారి చూసింది అక్కడే. చిన్ననాడు తాను నేర్చుకున్న ఉర్దూ అక్షరాలను అరుగు మీద అన్న ఆయనకు నేర్పుతున్నాడు. ఉర్దూలో ఉన్న పాత దస్తావేజులు తానే చదువుకోవాలని మాస్టారికి ఆ వయసులో పుట్టిన కోరిక. అలవాటు కొద్దీ ఆయన చెయ్యి పలక మీద ఎడమ నుంచి మొదలుపెట్టింది.

"అట్ట గాదు సార్, ఇటు నుంచి."

మాస్టారు పకపకా నవ్వి, తడి గుడ్డతో పలక తుడుచుకుని, బలపాన్ని కుడి అంచుకు జరిపారు.