కాగితం మీది ఎనిమిది గంటలు

నాకు కుళ్ళు చిన్నప్పటి నుంచే ఉంది. మా అమ్మ బీడీలు చుట్టేది. పక్కింటామె కన్నా తక్కువ చుట్టిన రోజు మా అమ్మ హాయిగా అన్నం తిని పడుకునేది, నేను ఏడ్చేదాన్ని. డాక్టరు చదువు చదివితే ఆ బుద్ధి పోతుందనుకున్నాను. పోలేదు. పైగా పదును తేలింది. ఎవరు ఎన్ని గంటలు నిద్రపోయి వచ్చారో మొహం చూసి చెప్పగలిగేదాన్ని, చెప్పి లోపల మండిపోయేదాన్ని.

కామారెడ్డిలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఎమర్జెన్సీ మెడిసిన్ పీజీ చేస్తున్న రోజులవి. ఆస్పత్రి పేరు చెప్పను. హైవే మీద గుద్దుకున్న బండ్లు, సదాశివనగర్ పొలాల్లో తిరగబడ్డ ట్రాక్టర్లు, పిట్లం వైపు నుంచి పురుగుల మందు తాగి వచ్చినవాళ్ళు, అందరూ ముందు మా చేతుల్లోకే వచ్చేవాళ్ళు. మా బ్యాచ్‌లో ఇద్దరమే. నేను, ఎల్లారెడ్డి నుంచి వచ్చిన ఇంకో అమ్మాయి. డ్యూటీ ఎప్పుడు ఎక్కాలో మాకు తెలిసేది. ఎప్పుడు దిగాలో సారు దయ.

సారంటే మా విభాగానికి పెద్ద. ఆయన పెట్టిన ఆచారం ఒకటుండేది. పొద్దున రౌండ్లు అయ్యాక నర్సుల బల్ల ముందు మమ్మల్ని నిలబెట్టి, నిన్న చేసిన తప్పేదో మా నోటితోనే చెప్పించేవాడు. నర్సులు, ఊడ్చేవాళ్ళు, పేషెంట్ల చుట్టాలు అందరూ వింటుండగానే. నీ తప్పు దొరక్కపోతే పక్కదాని తప్పు చెప్పాలి. నేను చెప్పిన ప్రతిసారీ ఆయన మాట ఒక్కటే. "నీకు సీటెవరిచ్చిన్రు? పోయి మీ అమ్మతోని బీడీలు చుట్టు." మా అమ్మ పన్నెండింటికల్లా గేటు దగ్గరికి వచ్చి అన్నం డబ్బా ఇచ్చి పోయేది కదా, ఆమె ఎవరో అందరికీ తెలుసు. ఆ డబ్బా కూడా సీనియర్లందరూ తిన్నాకే తెరవాలి. నేను తెరిచేసరికి నాలుగయ్యేది. పప్పు గట్టిపడి చెంచాకు అంటుకునేది.

ఎల్లారెడ్డి అమ్మాయిని మాత్రం సారు ఏమీ అనేవాడు కాదు. ఆమె నిలబడి తన తప్పు చెప్తే "సరే, ముందు చూసుకో" అని వదిలేసేవాడు. అంతటితో ఆగలేదు. ప్రతి శనివారం పదింటికి ఆమెను తన గదిలోకి పిలిచేవాడు. అద్దాల గది, వార్డుకంతా కనిపిస్తుంది. ఆమె కుర్చీలో కూర్చుని ఏదో రాసేది. ముందు చాయ్ కప్పు ఉండేది. గంటసేపు. చాయ్ సంగతి వదిలేయండి, నా కళ్ళన్నీ ఆ కుర్చీ మీదే. నేను కూర్చోక ఎన్ని గంటలైందో లెక్కపెట్టుకుంటూ, ఆమె వీపు చూస్తూ కుట్లు వేసేదాన్ని.

అప్పుడే ఎల్లారెడ్డి పోస్టింగు ముచ్చట వచ్చింది. పీజీలు మూడు నెలలు సర్కారు దవాఖానలో పని చేయాలి. మా ఇద్దరిలో ముందు ఒకరిని ఎల్లారెడ్డి పంపిస్తారు. ఎవరో సారు చెప్పాలి. అక్కడ పొద్దున పోతే సాయంత్రం గదికి రావచ్చు. రాత్రి నిద్రపోవచ్చు. నాకు అదే కాశీ, అదే తిరుపతి.

ఒకరోజు ఇద్దరం చేతులు కడుక్కుంటుంటే ఆమె అద్దంలోకి చూస్తూ అంది, "ఎల్లారెడ్డి దాక ఆగుత. అది రాకపోతే నాతోని కాదు. సీటు ఇడిశిపెట్టి పోత."

మనిషన్నవాళ్ళకు జాలి కలగాలి. నాకు కలిగింది ఇంకోటి. సొంత ఊరు, సొంత మంచం, తల్లి చేతి అన్నం, అన్నీ దీనికేనా? ఆ కుర్చీ చాలలేదా?

ఆ వారమే పిట్లం నుంచి ఒక రైతును తెచ్చారు. పురుగుల మందు కేసు. విరుగుడు ఇంజెక్షను ఇస్తూ ప్రతి పావుగంటకూ నాడి చూసి రాయాలి. ఆమె డ్యూటీ. అప్పటికి ఆమె ఇంటికి వెళ్ళక ఎంతసేపైందో నాకు తెలుసు, ఎందుకంటే నేనూ వెళ్ళలేదు. పొద్దున నేను చార్టు తీసి చూస్తే నాడి వరుసగా నాలుగుసార్లు ఒకే అంకె. ఒక్క అంకె కూడా అటూ ఇటూ లేదు. అలా ఏ గుండే కొట్టుకోదు. రోగి చేయి పట్టుకునే కునికింది, లేచి ముందుది చూసి నింపేసింది. చిన్న తప్పు కాదు. రైతు బతికాడు, ఆయన అదృష్టం. నేను ఆమెను పక్కకు పిలిచి చెప్పొచ్చు. చార్టు చేతిలోకి తీసుకుని తర్వాతి నాడి నేను చూడొచ్చు.

రౌండ్లయ్యాక నర్సుల బల్ల ముందు నా వంతు రాగానే సారు "నీ తప్పు?" అన్నాడు. "ఇవాళ నాది లేదు సార్" అని, నాలుగు అంకెలూ గట్టిగా చదివాను. రైతు భార్య అక్కడే నిలబడి ఉంది.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి నోరు రాదు. సారు ఆమెను రెండు రోజులు ఇంటికి పంపలేదు. ప్రతి మంచం దగ్గరా నిలబెట్టి ఆమెతోనే అందరి నాడులూ చూపించాడు, కూర్చుంటే నర్సుతో లేపించాడు. మూడోరోజు పొద్దున ఆమె తెల్లకోటు విప్పి నర్సుల బల్ల మీద పెట్టి, ఎల్లారెడ్డి బస్సెక్కింది. ఆ మధ్యాహ్నమే సారు నన్ను పిలిచి, "తప్పు పట్టే కన్నున్నది నీకు. ఒకటో తారీకు నుంచి ఎల్లారెడ్డి నువ్వే పో. శనివారాలు మాత్రం ఇక్కడికి రావాలె" అన్నాడు. నేను సంతోషించలేదని రాస్తే నా కళ్ళు పోతాయి. సంతోషించాను.

శనివారం అద్దాల గదిలో కూర్చున్నాను. కుర్చీ మెత్తగా ఉంది. చాయ్ వచ్చింది. సారు ఒక రిజిస్టరు నా ముందు పెట్టాడు. పై నుంచి తనిఖీకి వచ్చేవాళ్ళకు చూపించేది. పీజీలు ఏ రోజు ఎన్ని గంటలు పని చేశారో అందులో ఉంటుంది. వెనక్కి తిప్పితే నెలల తరబడి ఆమె చేతిరాత. అందరికీ రోజుకు ఎనిమిది గంటలు, ఆదివారం సెలవు. నా పేరుకూ అంతే.

ఇన్నాళ్ళూ నేను ఏడ్చింది ఈ పని చూసా? సారు ఆమెను తిట్టకపోవడానికి కారణం ఇదా? కలం పట్టుకున్నాక ఇంకో వింత జరిగింది. కాగితం మీద ఉన్న నన్ను చూసి నాకే ఈర్ష్య పుట్టింది. అది తొమ్మిదింటికి వచ్చి అయిదింటికి పోతోంది. ఆదివారం తలంటుకుంటోంది. మా అమ్మ డబ్బాను వేడిగా తింటోంది. దాని బతుకే బతుకు.

"ఆమె పేరు గూడ నింపు. సీటు ఖాళీ అని తెలిస్తే వంద ప్రశ్నలు అడుగుతరు" అన్నాడు సారు. నింపాను. రెండు రోజులు నిలబెట్టినప్పటివీ ఎనిమిది, ఆమె వెళ్ళిపోయిన తర్వాతివీ ఎనిమిది. నాలుగు అబద్ధపు అంకెలకు ఒకదాన్ని వీధిన పెట్టినదాన్ని, చాయ్ చల్లారేలోపు ఎన్ని రాశానో నాకే తెలియదు.

ఎల్లారెడ్డి దవాఖానలో మొదటివారం ఒంటిగంటకు నర్సమ్మ "తిన్నరా మేడం?" అంటే ఎవరైనా తినమని చెప్పాలేమోనని నిలబడేదాన్ని. తర్వాత అలవాటైంది. నిద్ర అలవాటైంది. నిద్ర తీరాక మనసు పని చేయడం మొదలుపెట్టింది, అదే చిక్కు. రెండో గురువారం మధ్యాహ్నం ఇల్లెక్కడని అడుగుతూ ఆమె దగ్గరికి పోయాను. క్షమించమని అడుగుదామని.

వాళ్ళమ్మ తలుపు తీసింది. నేనెవరో చెప్పాను. ఆమె మొహం మారలేదు.

"పండుకున్నది బిడ్డ. వచ్చిన కాడికెళ్ళి పండుడే. తినుడు, పండుడు."

తలుపు సందులోంచి దుప్పటి బయటికి వచ్చిన పాదాలు కనిపించాయి. మడమల దగ్గర వాపు దిగిపోయింది. పట్టపగలు, ఫ్యాను కింద, ఎవరూ లేపకుండా. క్షమించమని అడగడానికి వచ్చినదాన్ని, ఆ పాదాలు చూసి మళ్ళీ కుళ్ళుకున్నాను.

వాళ్ళమ్మ జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది. "మీ అమ్మ దినాం డబ్బ తెచ్చేదంట కదా. మా పిల్ల ఫోన్ల ఎప్పుడూ అదే చెప్పేది. అది పెట్టి పుట్టింది, నాకెవలు తెస్తరు, అని." పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. నేను ఆమె కుర్చీ చూసి ఏడిస్తే, ఆమె నా గట్టిపడిన పప్పు చూసి ఏడ్చింది.

మా మాటలకు మెలకువ వచ్చి ఆమె లేచి వచ్చింది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. గోడకు ఆనుకుని కూర్చుంది.

"శనివారం రిజిస్టరు ఎవలు రాస్తున్నరు?"

"నేనే."

"నా పేరు గూడనా?"

తల ఊపాను.

"నేనీడ పండుకుంటే నువ్వు నన్నాడ పని జేపిస్తున్నవన్నమాట." నవ్వింది. నాకు ఆ నవ్వు కన్నా తిట్టే నయమనిపించింది. "నేను పైకి కాగితం పెట్టిన. రెండు దినాలు ఇంటికి పంపలేదని రాసిన. ఎనుకటి ఎనిమిదులు నేనే నింపిన, అది గూడ రాసిన. వాళ్ళు వచ్చి రిజిస్టరు చూస్తరు. అండ్ల ఆ రెండు దినాలు ఎనిమిది గంటలే ఉంటయి. నీ రాతతోని. ఇగ నా మాట ఎవలు నమ్ముతరు?"

"నేను మారిస్తే నా ఎల్లారెడ్డి పోతది" అన్నాను. నోరు జారి కాదు, నాకు ముందు తట్టింది అదే.

"పోతది" అంది. వాళ్ళమ్మ నా కంచంలో ఇంకో రొట్టె వేసింది.

శనివారం కామారెడ్డి బస్సులో మనసు అటూ ఇటూ ఊగింది. గదిలోకి వెళ్ళాను. చాయ్ పెట్టి, సారు రౌండ్లకు పోయాడు. ఎర్ర కలం తీసి ఆ రెండు రోజుల ఎనిమిదులు కొట్టేసి, ఉన్నన్ని గంటలు రాశాను. ఆ తర్వాతి రోజులకు 'రాలేదు' అని రాశాను. నా పేరు ఎదుట కూడా దిద్దాను. ఆ ఆదివారపు తలంటు మీద గీత గీసేటప్పుడు నిజంగా బాధేసింది. పక్కన సంతకం చేసి, ఫోటో తీసి ఆమెకు పంపాను.

సారు వచ్చి పేజీలు తిప్పాడు. ఆశ్చర్యం, అరవలేదు. "ఎల్లారెడ్డిల నీ సామాన్లుంటే తెచ్చుకో. రేపు పొద్దున ఈడ డ్యూటీ ఎక్కు" అని, తలుపు తెరిచి మొదటి ఏడాది పీజీ అమ్మాయిని కేకేశాడు. నేను ముట్టని చాయ్‌ని ఆమె వైపు జరిపాడు. ఆ పిల్ల నేను లేచిన కుర్చీలో కూర్చుంది. కూర్చోగానే ఆమె భుజాలు దిగాయి, కళ్ళు ఒక్క క్షణం మూతపడ్డాయి. నాకు కడుపు మండింది. అబద్ధమెందుకు, మండింది.

నర్సుల బల్ల దగ్గర నిలబడి ఫోను చూశాను. ఫోటో వెళ్ళింది, ఆమె ఇంకా చూడలేదు. పదకొండు దాటింది. ఎల్లారెడ్డిలో ఫ్యాను కింద పడుకునే ఉండి ఉంటుంది.