నాత్ మేకుకి రాజుగారి టోపీ

నా కూతురి మీద ఒట్టు... వద్దు, దాని మీద వెయ్యను. నా మీదే వేసుకుంటాను. ఇందులో ఒక్క ముక్క కల్పించి చెబితే నా కళ్లు పోతాయి. నవ్వండి, నవ్వండి... అంతా విన్నాక నవ్వుదురుగాని.

పాత జర్మన్ సైనికుల టోపీలంటే నాకు పిచ్చని మీకు తెలుసు కదా. నల్లటి తోలు టోపీ, ముందు ఇత్తడి గద్ద, నడినెత్తిన బల్లెం మొనలాంటి ఇత్తడి ములుకు. ఈమధ్య ఒకటి ఇక్కడ యాంగోన్‌లో, సేక్కాన్ రేవు దగ్గర పాత సామాన్లమ్మే ఊ టిన్ అనే బర్మా పెద్దాయన ఇచ్చాడు. లోపలి తోలు మీద చిన్న కిరీటం ముద్ర, దాని కింద ఓ యువరాజు పేరు! రాజుగారి నెత్తినున్నది తామ్వే పేటలో నా రెండు గదుల ఇంటికొచ్చింది. నాకు కాలు నేల మీద నిలిస్తే ఒట్టు.

ఆ ములుకు మర తిప్పితే ఊడాలి. కవాతు రోజున దాన్ని తీసి గుర్రపు వెంట్రుకల కుచ్చు పెట్టుకునేవాళ్లట. ఇదేమో చిలుము పట్టి బిగుసుకుపోయింది. నూనె పోశాను, పట్టకారు వేశాను... చేతులు బొబ్బలెక్కాయి గానీ అది కదల్లేదు.

వానాకాలం. యాంగోన్ వానకి తోలు ఇట్టే బూజెక్కుతుంది. లోపల గాలాడాలంటే గడ్డం పట్టీతో వేలాడదీయాలి. అప్పుడు టోపీ తలకిందులై ములుకు కిందికి చూస్తుంది. ఇంట్లో గట్టి మేకు ఒక్కటే, మూల స్తంభానిది. ఇక్కడివాళ్లు ఇంటిని కాచే నాత్ దేవరకి ఎర్రగుడ్డ చుట్టి కొబ్బరికాయ కడతారు కదా... మేమూ కడతాం. ఆ కాయ వేలాడే మేకే అది. కాయ తీసి దేవుడి గూట్లో పెట్టి, మేకుకి టోపీ తగిలించాను. మేకు కిందే పిల్ల పరుపు.

"ఏటయ్యా, పిల్ల నెత్తి మీద శూలం యేలాడదీత్తావేటి?" అంది మా ఆవిడ సరస్వతి.

"గట్టి మేకేలేయే. తెల్లారీసరికి తీసెత్తాను."

"అది నాత్ బాబు సోటు. ఆయనకి కోపమొత్తే నాకు తెల్దు మరి."

అర్ధరాత్రి మెలకువొచ్చింది. కరెంటు లేదు. వాన ఆగింది. అప్పుడు వినిపించింది...

కిర్ర్...

ఎలుకనుకున్నాను. మళ్లీ... కిర్ర్... ఒక తిప్పు. ఆగింది. ఇంకో తిప్పు... అది మర తిరిగే చప్పుడు. ఆ చప్పుడు కోసం చెవి కోసుకున్నవాణ్ణి, నాకు తెలీదూ? నెమ్మదిగా... ఓపిగ్గా... పిల్ల నిద్ర చెడకుండా ఎవరో తిప్పుతున్నట్టు. ముందు పక్కన తడిమి చూశాను. సరస్వతి నా పక్కనే ఉంది. దాని చెయ్యి నా ఛాతీ మీదే ఉంది.

మరి అక్కడున్నది ఎవరు?

చప్పుడు ఆగింది. దిండు కింద ఫోను కోసం తడుముతున్నాను...

ధబ్!

"ఓలమ్మో, నా పిల్ల!" సరస్వతి కేక పెట్టింది.

ఫోను లైటు వేశాను. పాత పట్టీ తెగింది. టోపీ దిండు మీద దొర్లుతోంది. పిల్ల లేచి కూర్చుని నుదురు రుద్దుకుంటోంది.

"ఏటి నాన్నా, టోపీ పెట్టి కొడతావేటి?"

నుదుటి మీద చిన్న బొప్పి. అంతే! నెత్తురు చుక్క లేదు. టోపీ తిప్పి చూశాను... నడినెత్తిన ములుకు లేదు. ఉత్త కన్నం.

ములుకు దేవుడి గూట్లో, కొబ్బరికాయ పక్కన నిటారుగా నిలబెట్టి ఉంది.

పిల్లని గట్టిగా వాటేసుకుని ఏడ్చాను. మధ్యలో నవ్వొచ్చింది కూడా. గుండెల మీంచి బండరాయి దిగిందంటారే, అలా ఉంది ప్రాణం. సరస్వతి నన్ను తిట్టిన తిట్లన్నీ ఆ పూట దీవెనల్లానే వినిపించాయి.

నూనె దిగి మర దానంతటదే వదులైందంటాడు మా తమ్ముడు. సరే, వదులైంది. గూట్లోకి నడిచెళ్లిందా? ఇంకెవరు, నాత్ బాబే అంటుంది సరస్వతి. నిజమే కావచ్చు. కానీ ఆ మర ఎటు తిప్పాలో, ఎంత ఓపిగ్గా తిప్పాలో తెలిసిన చెయ్యి... అది ఒకప్పుడు ఆ టోపీ పెట్టుకున్న యువరాజుదేనేమో అని కూడా అనిపిస్తుంది.

ఆ రాత్రి పిల్లని చంకనెత్తుకుని దండం పెట్టబోయాను. గూటికి పెట్టనా, మేకుకి పెట్టనా, టోపీకి పెట్టనా? ఏమీ తోచక ఉన్నచోటే గిర్రున ఓ చుట్టు తిరిగి, అన్ని దిక్కులకీ పెట్టేశాను.