బొడ్రాయి పండుగ తెల్లారి పేగు పరీక్ష

మంచాన పడ్డ మనిషి మీద కోపం పెట్టుకోకూడదంటారు. మా అన్న మీద నాకు కోపం ఉంది, దాచుకోను. అన్న మీద కంటే మా ఊరి మీద ఇంకా ఎక్కువ ఉంది.

మా బాపు పెద్దపేగు క్యాన్సర్‌తో పోయాడు. అప్పుడే డాక్టర్ మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు. ఈ జబ్బు మొదట పేగు గోడ మీద చిన్న బొడిపెగా పుడుతుందట, అప్పుడే కనిపెట్టి తీసేస్తే క్యాన్సర్ దాకా పోదట, తండ్రికి వచ్చింది కాబట్టి పిల్లలు కూడా లోపల చూపించుకోవాలట. నేను జనగామలో ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతాను. నాకు భయం ఎక్కువ. ముందు నేనే హనుమకొండ వెళ్లి, కెమెరా ఉన్న గొట్టంతో పేగు లోపల చూసే కొలనోస్కోపీ పరీక్ష చేయించుకున్నాను.

మత్తు వద్దన్నాను, చూడాలని. తెల్ల లైటులో నా పేగు గోడంతా ఒకటే గులాబీ రంగు. ఏమీ లేదని నేను ఊపిరి పీల్చుకునేలోపు డాక్టర్ చేతిలోని మీట నొక్కాడు. లైటు నీలి ఆకుపచ్చగా మారింది. గులాబీ రంగంతా పోయి, రక్తనాళాలు నల్లగా తేలి, ఒక మడత మీద బెల్లప్పాకం పూసినట్టు గోధుమరంగు మరక కనిపించింది. ఇందాక అక్కడే చూశాం, ఏమీ లేదు. లేచి నిలబడ్డ బొడిపెకు మామూలు లైటు చాలునని, ఇలా చాపలా పరుచుకున్నదే మోసం చేస్తుందని ఆయన చెప్పాడు. దాని మీద నీలం రంగు నీళ్లు చల్లితే అంచులు గీత గీసినట్టు తేలాయి. తీగ ఉచ్చు వేసి కోసేశాడు. పక్కన ఇంకో కంప్యూటర్ కూడా ఉంది, అనుమానం వచ్చిన చోటల్లా తెర మీద పచ్చ డబ్బా గీస్తుంది. నీటి బుడగలకు కూడా గీసింది.

"ఇన్నింట్లో ఏది మంచిది సార్?" అని అడిగాను.

"కడుపు కడుక్కొని వస్తే అన్నీ మంచివే మేడం. కడుక్కోకుంటే నీలి లైటే అన్నిట్ల అధ్వానం. లోపల మిగిలిన మురికినీళ్లు దాంట్ల రక్తం లెక్క ఎర్రగ కనవడ్తయి, ఇంకేం కానరాదు" అన్నాడు.

ఇదంతా మా అన్నకు పూస గుచ్చినట్టు చెప్పాను. అన్న పెద్దవంగర దగ్గర మా ఊళ్లోనే వ్యవసాయం చేస్తాడు, ఊరి పెద్దల్లో ఒకడు, సర్పంచికి నిలబడాలని కోరిక. బోరు మోటరు కొనాలన్నా పదిమందిని అడిగే మనిషి. నేను చెప్పినదాంట్లో కడుపు సంగతి వదిలేసి మిషన్ సంగతి పట్టుకున్నాడు. "గా నీలి లైటు జనగామల లేదా చెల్లె? హైదరాబాద్‌ల ఇంకా కొత్తది వచ్చిందంటున్నరు, గదెట్లుంటది?" అని రోజూ ఫోను. చాయ్ హోటల్ దగ్గర కూర్చున్నవాళ్లంతా పేగు డాక్టర్లయిపోయారు. ఒకడు రంగునీళ్లు మంచివంటాడు, ఇంకొకడు కంప్యూటర్ ఉంటే డాక్టరే అక్కర్లేదంటాడు. ఇలా నెలలు గడిచాక, నేను చూపించుకున్న చోటికే వస్తానని తేదీ తీసుకున్నాడు. చూస్తే అది బొడ్రాయి పండుగ తెల్లారి. పరీక్షకు ముందు రోజంతా పల్చటి నీళ్లలాంటివి తప్ప ఏమీ తినకూడదు.

ఊరి నడుమ పాతిన రాయి బొడ్రాయి, ఊరికి బొడ్డు లాంటిది. దాన్ని కొత్తగా నిలిపే రోజు తెల్లవారకముందే పొలిమేర కట్టేస్తారు. పూజ అయ్యేదాకా ఒక్కరూ బయటికి పోకూడదు, లోపలికి రాకూడదు. పెళ్లయి వెళ్లిన ఊరి ఆడబిడ్డలందరినీ ముందే పిలిపించుకుంటారు. పూజ కాగానే ఇంటింటా యాటలు, అంటే గొర్రెలూ మేకలూ, తెగుతాయి. మళ్లీ ఎన్నేళ్లకో గానీ రాని పండుగ. నేనూ ఆడబిడ్డనే కదా, వెళ్లాను.

"తేదీ మార్చుకో అన్నా" అన్నాను.

"గా డాక్టర్ మళ్ల దొరుకుతడా? ఒక్కరోజు నోరు కట్టుకోలేనా" అన్నాడు.

పొద్దున కొబ్బరినీళ్లు, మధ్యాహ్నం పల్చటి మజ్జిగ తేట. అంతవరకు నేనే కళ్ల ముందు పెట్టుకున్నాను. ఆ తర్వాత, వచ్చిన ఆడబిడ్డలను పలకరించి వస్తానని వెళ్లాడు. పొద్దుగూకేముందు వచ్చాడు.

"ఏం తినలే గద?"

"నీ మీదొట్టు చెల్లె, మంచినీళ్లే తాగిన."

నా ఎదురుగానే పేగు కడిగే మందు లోటాల కొద్దీ తాగాడు. నమ్మాను. నా మీద ఒట్టు పెట్టాడు మరి.

తెల్లారి అన్నకు మత్తిచ్చి, నన్ను పక్కన నిలబడనిచ్చారు. తెర మీద పచ్చటి బురద. డాక్టర్ నీళ్లు కొడుతున్నాడు, పీలుస్తున్నాడు, మళ్లీ కొడుతున్నాడు. టమాట గింజలు, కొత్తిమీర రెబ్బలు. నీలి లైటు వేశాడు. తెరంతా ఎర్రగా అయిపోయింది. పక్క కంప్యూటర్ గింజ గింజకూ పచ్చ డబ్బా గీస్తూ పోయింది.

"ఏం పెట్టిండ్రు మేడం ఈయనకు?" అన్నాడు డాక్టర్.

అన్న లేచాక డాక్టర్ విడమరిచి చెప్పాడు. కనిపించిన మేరకు ఏమీ లేదు, కానీ సగం గోడ కనిపించనే లేదు, శుభ్రం చేసుకుని నెలలోపు మళ్లీ రావాలి. అన్న మొదటి ముక్కే విన్నాడు.

కారులో నిలదీశాను.

"బొడ్రాయి నాడు ఆడబిడ్డ పెట్టిన పళ్లెం నూకేస్తరానె? రేపు ఏ మొఖం పెట్టుకొని ఓటడగాలె? ఇంటికొక్క బుక్కనే తిన్న" అన్నాడు. ఎన్ని ఇళ్లు తిరిగాడో అడగలేదు. ఊళ్లో ఇళ్లకేం తక్కువ?

ఊరికి చేరగానే హోటల్ దగ్గర చెప్పనే చెప్పాడు. "గంత పెద్ద మిషన్‌కే ఏం దొరకలే." దొరకలేదనడం వేరు, చూడలేదనడం వేరని నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నన్నే నవ్వారు. ఘనపూర్ వైపు నుంచి కోడలిగా వచ్చిన మా వదినె నెమ్మదస్తురాలు, ఆమె కూడా "ఓట్లయినంక పోదాం తియ్యి" అంది. ఓట్లయ్యాయి. అన్న గెలిచాడు. తిన్న బుక్కలన్నీ ఓట్లయి వచ్చాయి. తర్వాత సర్పంచికి తీరిక ఎక్కడిది?

పంట్లాం జారిపోయేంతగా చిక్కి, రక్తం పడుతున్న సంగతి భార్యకు కూడా చెప్పకుండా దాచి, ఒకరోజు గ్రామసభలో నిలబడలేక కూలబడితే అప్పుడు వదినె ఫోను చేసింది. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు అప్పుడు ఊరంతా మా ఇంటికి వచ్చింది. హనుమకొండ దాకా పోయే ఓపిక ఆ ఒంట్లో లేదు. జనగామలో మా ఇంటి దగ్గరి చిన్న దవాఖానకు తెచ్చాను. పాత మిషన్, తెల్ల లైటు తప్ప ఏమీ లేదు. మనిషి నీరసంగా ఉన్నాడని మత్తు కూడా ఇవ్వలేదు.

గొట్టం ఎంతో దూరం పోలేదు. దారికి అడ్డంగా, పుండుపడి, రక్తం కారుతూ గడ్డ. గొట్టం ముందుకు పోవడానికి సందు లేదు. అన్న పక్కకు తిరిగి పడుకుని తెర వైపే చూస్తున్నాడు.

"చెల్లె, గా నీలి లైటు లేదా ఈడ? అదుంటె మంచిగ తెలుస్తుండె గద."

డాక్టర్ నా వైపు చూశాడు. నేనే చెప్పాను.

"దీనికి ఏ లైటు అక్కెర్లేదన్నా. నీక్కూడ కనవడ్తనే ఉంది."

ఆ మాట అంతకంటే మెత్తగా చెప్పడం నాకు చేతకాలేదు.