పద్నాలుగు రోజులను ఎనిమిది చేశాను

తొమ్మిదేళ్లుగా నేనొక అబద్ధం మీద ఉద్యోగం చేస్తున్నాను. అదేమీ పెద్ద మాట కాదు, కాగితం మీద ఒక అంకె. ఆ అంకె వల్ల ఒక మనిషి కాలు పోయింది, ఆ తర్వాత పేరు పోయింది. రెండోది పూర్తిగా నా చేతి పని.

నేను ప్లానింగ్ ఇంజినీర్‌ని. ఏ పని ఎప్పుడు మొదలవ్వాలి, ఎన్ని రోజులు పట్టాలి, ఎంతమంది కావాలి, ఇవన్నీ షెడ్యూల్‌లో రాయడం నా ఉద్యోగం. అప్పట్లో పటాన్‌చెరు దగ్గర ఒక మందుల కంపెనీకి గోదాము కడుతున్నాం. వానల వల్ల పని వెనకబడింది. మేనేజర్ నన్ను పిలిచి, పద్దెనిమిది రోజులు తగ్గించమన్నారు. కొత్తగా మనుషులను ఇవ్వరు. ఇంకో సెట్టు సెంట్రింగ్ సామాను, అంటే స్లాబును కిందనుంచి మోసే కర్రలూ పలకలూ, కిరాయికి తెద్దామని నేనంటే, ఖర్చు పెరుగుతుందని దానికీ ఒప్పుకోలేదు.

రెండు రోజులు షెడ్యూల్ ముందు కూర్చున్నాను. ఎక్కడ తగ్గించాలన్నా మనుషులనో డబ్బునో అడుగుతోంది. ఒక్క వరుస మాత్రం ఏమీ అడగలేదు. స్లాబు పోశాక కింద సెంట్రింగ్ అలాగే ఉంచి, కాంక్రీటు గట్టిపడేదాకా ఆగే పద్నాలుగు రోజులు. ఆ రోజుల్లో అక్కడ ఎవరూ పని చేయరు. అందుకే నా కంటికి అవి వృథాగా కనిపించాయా? కాదు. అవి ఎందుకున్నాయో నాకు తెలుసు, చదువుకున్నాను. తెలిసే ఎనిమిది చేశాను. గోదాములోని మూడు స్లాబులకూ అలాగే తగ్గించాను. మేనేజర్ నా భుజం తట్టారు. ఆ సాయంత్రం ఇంటికి హాయిగా వెళ్లానని చెప్పడానికి సిగ్గుగా ఉంది.

సెంట్రింగ్ పని ఖాజా భాయ్‌ది. సంగారెడ్డి మనిషి. యాభై దాటిన మేస్త్రి, కింద పన్నెండు మంది పనివాళ్లు. మొదటి రెండు స్లాబులకు ఏమీ కాలేదు. మూడోది లారీలు ఆగేచోట గోడ దాటి ముందుకు వచ్చే స్లాబు. అది పోసిన ఎనిమిదో రోజు పొద్దున ఆయన సైటు ఆఫీసుకు వచ్చి గుమ్మంలోనే నిలబడ్డారు.

“సార్, నాలుగు దినాల సంది ముసురు వట్టింది. స్లాబు మాల్ ఇంకా పచ్చిగనే ఉన్నది. జెర ఇంకో వారం ఆగుదాం.”

“షెడ్యూల్‌లో ఎనిమిదే ఉంది ఖాజా భాయ్.”

“కాగితానికి ఏం ఎర్క సార్? మీరొక్కసారి వచ్చి సూడున్రి.”

“చూసే రాశాను. ఇవాళ తీయించండి.”

“మీరు చెప్తున్నరు గదా, తీస్త. మా వాళ్లనైతే కిందికి పోనియ్య. నేనే తీస్త,” అని వెళ్లిపోయారు.

నేను వెళ్లి చూడలేదు. కుర్చీలోంచి లేవను కూడా లేదు.

మధ్యాహ్నం స్లాబు అంచు విరిగి పడింది. పనివాళ్లందరినీ దూరంగా నిలబెట్టి చివరి కర్రలు తానే తీస్తున్న ఖాజా భాయ్ కుడికాలు దాని కింద నలిగింది. ఇంకెవరికీ దెబ్బ తగల్లేదు. తగలనివ్వలేదు ఆయన.

ఇంతవరకూ జరిగింది నా పొరపాటు అని చెప్పుకోవచ్చునేమో. ఆ తర్వాత చేసిన దానికి ఆ పేరు పెట్టలేను. మర్నాడు అధికారులు విచారణకు వస్తున్నారని తెలిసింది. ఎవరూ నన్ను ఏమీ మార్చమనలేదు. మేనేజర్ కూడా అనలేదు. నేనే కంప్యూటర్ తెరిచి ఎనిమిదిని మళ్లీ పద్నాలుగు చేశాను. సైటు ఆఫీసు గోడ మీదున్న షెడ్యూల్ కాగితం చింపి కొత్తది అంటించాను. వచ్చినవాళ్లు అడిగితే ఆ కాగితం వైపు చూపించాను. ‘మేస్త్రి అనుమతి లేకుండా ముందే తీశాడు’ అని రాసుకున్నారు. “సారే తియ్యమన్నడు” అని ఆసుపత్రి మంచం మీదినుంచి ఖాజా భాయ్ చెప్పారట. ఆయన చేతిలో కాగితం లేదు.

తగ్గించిన పద్దెనిమిది రోజులకు బదులు పని నెలన్నర ఆగింది. దానికి నన్నెవరూ ఏమీ అనలేదు. ఖాజా భాయ్‌ని మాత్రం ఈ చుట్టుపక్కల ఏ కాంట్రాక్టరూ మళ్లీ పిలవలేదు. ఆయన పనివాళ్లు తలోదారి పట్టారు.

ఆయన భానూర్ దారిలో ఒక తలుపుల దుకాణంలో పనిచేస్తున్నారని రెండేళ్ల క్రితమే తెలిసింది. అప్పటినుంచి నేను ఆ దారి మానేసి చుట్టూ తిరిగి వెళ్లేవాణ్ణి. దేనికి భయపడి? ఆయన నన్ను తిడతారనా? తిట్టరేమోననా?

పోయిన నెల వెళ్లాను. ఎందుకు ఆరోజే వెళ్లానో చెప్పలేను. ఆయన ఎత్తుపీట మీద కూర్చుని, వంగని కుడికాలు ముందుకు చాపి, తలుపుకు గరుకు కాగితం రుద్దుతున్నారు. నన్ను గుర్తుపట్టారు. నిలబడే మొత్తం చెప్పాను, కంప్యూటర్‌లో మార్చిందీ, గోడ మీది కాగితం చింపిందీ. క్షమించమని మాత్రం అడగలేకపోయాను.

ఆయన చెయ్యి ఆపలేదు. రుద్దుతూనే అన్నారు:

“నాకెందుకు చెప్తున్నరు సార్? నాకు తెల్వదా ఏంది? తెల్వనోళ్లకు చెప్పున్రి.”

అంతే. కూర్చోమనలేదు, పొమ్మనీ అనలేదు. ఆ తలుపు ఒక పక్క అయిపోయింది. దాన్ని తిప్పడానికి నేను చెయ్యి వేస్తే వద్దని తల ఊపి, దుకాణంలో ఇంకొకరిని పిలిచారు.

ఆయనతో పనిచేసిన పన్నెండు మందిలో ముగ్గురి ఆచూకీ దొరికింది. కంది ఊళ్లో ఉంటున్న ఒకాయనకు నిన్న చెప్పాను. ఆయన నా ముఖంలోకి చూసి, లేచి లోపలికి వెళ్లిపోయారు. మిగిలిన ఇద్దరికీ చెప్పాలి. నేను పనిచేసే చోటా చెప్పాలి, దానికి ధైర్యం ఇంకా చాలడం లేదు. ఇప్పుడు మీకు చెప్పాను. ఖాజా భాయ్ అనుమతి లేకుండా తీయలేదు. తీయమన్నది నేను.